అడిగిన ధరకే

ఆ పొద్దున కుర్చీలాయన చేతిలో నికరంగా ఉన్నవి నాలుగు: స్కూలు బోర్డులో ఒక సీటు, ఓటేసినవాళ్ళు నమ్మిన ఒక కథ, పాత కుర్చీలూ బల్లలూ బీరువాలూ కిక్కిరిసిన ఒక కొట్టు, తనతో మాట్లాడని ముగ్గురు మనుషులు.

మొదటి మూడూ కూడబెట్టడానికి సగం జీవితం పట్టింది. నాలుగోది క్రితం వారం బోర్డు మీటింగులో ఒక్క వాక్యంతో సంపాదించాడు.

భార్య టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టిందనడం మర్యాదకి, మోదింది. టీ అంచు దాటి ఒలికింది.

“ఒలికింది,” అన్నాడాయన.

“ఒలికితే ఏం? బోర్డులో తీర్మానం పెట్టించండి. బలపరచడానికి ఎవరో ఒకరు ఉండకపోరు.”

ఈ వారంలో ఆమె ఆయనతో అన్న అతి పొడుగు మాట అదే. దాన్ని రాబడి కింద వేసుకోవాలో ఖర్చు కింద వేసుకోవాలో తేలక, ఆయన తన తువ్వాలుతో తనే బల్ల తుడుచుకున్నాడు.

కొడుకు గోడకి ఆనుకుని వ్యాను తాళాలు వేలికి తగిలించి తిప్పుతున్నాడు. కొట్లో అమ్మిన సరుకు ఇళ్ళకి చేరవేసేది అతనే. ఆయన అతని వైపు చూస్తే అతను తాళాల వైపు చూశాడు.

కోడలు గదిలోంచి వచ్చింది. భుజాన గుడ్డసంచి. అందులో రంగు సుద్దలు, అట్టముక్కల మీద అంటించిన అక్షరాలు. ఆమె చిన్న బడిలో టీచరు. గోదాముల వెనక వీధిలో రెండు గదులూ ఒక వరండా, ఐదో తరగతితో ఆగిపోయే బడి అది. ఈ మధ్యాహ్నం బోర్డు మళ్ళీ కూర్చుని, ఆ బడిని మూసెయ్యాలన్న తీర్మానాన్ని ఖాయం చేస్తుంది. ఆ తీర్మానం పెట్టింది ఆమె మామగారే.

“అమ్మాయ్, ఇవాళ నేను సర్దేస్తాను,” అన్నాడు కుర్చీలాయన.

ఆమె చెప్పుల పట్టీ పెట్టుకుంటూ తల ఎత్తకుండా అడిగింది. “ఏం సర్దుతారు మామయ్యా?”

“బేరంలో ఒక మాట ఎక్కువ అన్నాను. అంతేగా. వెనక్కి తీసుకుంటాను.”

“దేన్ని బేరం పెట్టారు? మీ కొట్లో మంచమా?”

ఆయన గ్లాసు ఎత్తాడు. నోటి నిండా టీ పోసుకున్నాడు. నాలుక చుర్రుమంది.

జరిగింది చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎన్నికలప్పుడు ఆయన గడప గడపకీ తిరిగి మూడే కోరికలు చెప్పాడు. మూడో తరగతికి వచ్చేసరికి ఏ పిల్లయినా ఒక పేజీ ఎవరి సాయమూ లేకుండా పైకి చదవాలి. బడి మరుగుదొడ్ల తలుపులకి గడియలుండాలి. చెప్పుల్లేవనీ బట్టలు బాలేవనీ ఏ పిల్లనీ ఇంటికి తరమకూడదు. జనం ఓటేశారు. తీరా బోర్డులో కూర్చున్నాక, వెనకబడ్డ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించడానికంటూ పెద్ద బడికి ఒక్కరంటే ఒక్క టీచరుని అదనంగా ఇవ్వండని నెలల తరబడి అడిగాడు. బొక్కసం ఖాళీ అన్నారు. అడిగిన ప్రతిసారీ అదే మాట.

దాంతో ఆయన కొట్లో చేసే పని చేశాడు. ఒక్క టీచరు కావాలంటే పెద్ద ధర చెప్పాలి. “అయితే చిన్న బడి మూసెయ్యండి! ఆ ఖర్చు మిగిల్చి పెద్ద బడిలో ఇద్దరు చదివించే టీచర్లని పెట్టండి!” అని బల్ల గుద్దాడు. పట్టుగా ఉండాలని నాలుగు లెక్కలు కూడా వల్లించాడు. అందరూ గుండెలు బాదుకుని, అయ్యో చిన్న బడి జోలికి పోకండి, ఒక్క టీచర్నయితే ఎలాగో సర్దుతాం అంటారనుకున్నాడు. అప్పుడు తను కాస్త బెట్టు చేసి దిగివద్దామనుకున్నాడు.

ఎవరూ గుండెలు బాదుకోలేదు. సభ్యుల్లో ఒకాయన, వృత్తికి ఆడిటరు, “బలపరుస్తున్నాను,” అన్నాడు. అధ్యక్షురాలు, “అందరికీ సమ్మతమేనా?” అంది. చేతులు లేచాయి. కలయజూస్తే వాటిలో తన చెయ్యి కూడా ఉంది.

ఇన్నేళ్ళ వ్యాపారంలో చెప్పిన మొదటి ధరకి కిక్కురుమనకుండా కొనేసినవాణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు. బోర్డులో వాళ్ళు బేరగాళ్ళు కారు. ఒక మనిషి ఒక మాటంటే, ఆ మాటే అన్నాడని నమ్మే రకం.

“చూడండి మామయ్యా,” అంది కోడలు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది. “ఆ బడి అక్కర్లేదని మీరు నిజంగా అనుకుని ఉంటే నేను మీతో పోట్లాడేదాన్ని. మూసే ఉద్దేశం లేకుండా మూసేద్దామన్నారు చూడండి, దానికి ఏమనాలో నాకు తెలియడం లేదు.”

“నాలుగొందల మంది పిల్లలమ్మా పెద్ద బడిలో. వాళ్ళలో సగానికి సగం చదవలేక…”

“నాకు తెలుసు. నలభై మంది కోసం నాలుగొందల మందిని ఆపకూడదు. అదే కదా మీ లెక్క?”

లెక్కలో తప్పు లేదు. ఆయన్ని వారం నుంచి నిద్రపోనివ్వనిది అదే. నిన్న ఆడిటరు పనిగట్టుకుని కొట్టుకి వచ్చి చెయ్యి పట్టుకు ఊపాడు. ఇన్నాళ్ళూ ఎవరూ అనలేని మాట మీరన్నారు అన్నాడు. పెద్ద బడి తల్లులు రోడ్డు మీద ఆపి మరీ మెచ్చుకుంటున్నారు. ఊరికే నోరు మూసుకుని కూర్చుంటే చాలు, తను గెలిచినట్టే.

“నాన్నా,” అన్నాడు కొడుకు ఇన్నాళ్ళకి. “వెనక్కి తీసుకుంటే మాట మార్చింది కోడలి ఉద్యోగం కోసమే అంటారు. తీసుకోకపోతే నేను వ్యానులో పడుకోవాలి. ఏదో ఒకటి త్వరగా తేల్చండి, దుప్పటి సంగతి చూసుకుంటాను.”

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

కోడలు గుమ్మం దగ్గర ఆగింది. “నాదొక్కటే మాట మామయ్యా. అక్కడ నా ప్రస్తావన తేకండి. నా ఉద్యోగం, నా జీతం, నేను, ఏదీ. నన్ను ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళి మాట్లాడండి.”

“సరేనమ్మా.”

“ఈ సరే బేరానికి చెప్పే ధరా, అసలు ధరా?”

సమాధానానికి ఆగకుండా మెట్లు దిగిపోయింది.

* * *

కొట్లో ఆయన చేతికి పని చిక్కలేదు. ఒక పాత కుర్చీ కాలుకి గరుకు కాగితం పట్టించి రుద్దుతూ కూర్చున్నాడు. రంగు ఎప్పుడో పోయింది. కింద చెక్క కూడా అరిగేలా ఉంది.

పదింటి వేళ ఒకావిడ వచ్చి అద్దం బల్ల ముందు నిలబడింది. సొరుగు లాగింది, మూసింది, అద్దంలో పళ్ళు చూసుకుంది. “ఎంత చెప్తారు?”

కుర్చీలాయన నోరు తెరిచాడు. ధర నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మొదటి మాట ఎంత అనాలి? ఆవిడ సరేనని తీసుకుంటే?

“మీరే చెప్పండమ్మా,” అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. బల్లని ఇంకోసారి చూసింది. వంగి కింద చెదలున్నాయేమోనని తడిమింది. “మళ్ళీ వస్తాను,” అని గబగబా వెళ్ళిపోయింది. కొనేవాళ్ళు అనుమానించేది ఎక్కువ చెప్పినప్పుడు కాదు, ఏమీ చెప్పనప్పుడు. అది ఆయనకి తెలియనిది కాదు.

పన్నెండు దాటాక భార్య వచ్చింది. కొట్టుకి ఆమె రావడం అరుదు. వార్నిష్ వాసన పడదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, అన్నం డబ్బా ఒక టీపాయ్ మీద పెట్టి, ఎదురుగా ఉన్న పేము కుర్చీలో కూర్చుంది.

“అది అల్లిక తెగింది. జాగ్రత్త.”

“మీ మాటకన్నా గట్టిగానే ఉంది,” అంది ఆమె. “ఇంతకీ అక్కడ ఏం చెప్తారు?”

“వెనక్కి తీసుకుంటున్నానంటాను.”

“తీసుకుంటే ఆడిటరు ఎత్తుకుంటాడు. మీరొద్దన్నది ఇంకొకరు పెట్టచ్చుగా?”

పెట్టచ్చు. ఆ నిబంధన ఆమెకెలా తెలుసో ఆయనకి అర్థం కాలేదు. కొడుకు చెప్పి ఉంటాడు. అంటే తను లేనప్పుడు వీళ్ళందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారన్నమాట.

“దూరం అంటాను. మధ్యలో లారీల రోడ్డు ఉందంటాను.”

“బస్సు వేద్దాం అంటాడు.”

“బస్సు వేసినా పిల్లలు మానేస్తారంటాను.”

“ఎందుకు మానేస్తారని అడుగుతాడు.”

కుర్చీలాయన గరుకు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

“మీరెందుకు మానేశారో చెప్పండి,” అంది భార్య.

“మా నాన్నకి జబ్బు చేసి…”

“ఆ పాట నా దగ్గర పాడకండి. అత్తయ్య బతికుండగానే నాకు అసలు సంగతి చెప్పింది. మామగారు మంచాన పడింది మీరు బడి మానేసిన రెండేళ్ళకి.”

ఆయన గరుకు కాగితాన్ని పక్కన పెట్టాడు.

“ఎప్పటి నుంచి తెలుసు నీకు?”

“మీ అబ్బాయి కడుపులో ఉన్నప్పటి నుంచి.”

“మరి ఎన్నికలప్పుడు నేను ఆ కథ చెప్తుంటే పక్కనే నిలబడి తలూపావుగా!”

“ఊపాను. భార్యని కదా. ఇప్పుడు ఊపలేను. కోడలి మొహం చూస్తున్నారుగా మీరు కూడా.”

ఆయన లేచి కొట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. బల్లల మధ్య దారి ఇరుకు. రెండు చోట్ల మోకాలు కొట్టుకుంది.

“తండ్రి కోసం చదువు త్యాగం చేశాడని వేశారే ఓట్లు. బడి ఎగ్గొట్టి తిరిగినవాడని తెలిస్తే ఎవడు నిలబెడతాడు నన్ను? నాకు అక్కడ ఉన్న పెట్టుబడి అదొక్కటే. చదువు లేదు, హోదా లేదు. ఆ కథ తీసేస్తే సీటు పోతుంది.”

“పోతే పోనివ్వండి. కూర్చోవడానికి ఈ కొట్లో సీట్లకి కరువా?”

ఆయనకి ఒళ్ళు మండింది. మండుతూనే నవ్వొచ్చింది. నవ్వు రానివ్వకుండా అన్నం డబ్బా మూత తీశాడు. ఆకలి లేదని మూత పెట్టేశాడు.

* * *

బోర్డు గదిలో ముందు వరసల్లో పెద్ద బడి తల్లిదండ్రులు కూర్చున్నారు. వెనక గోడకి ఆనుకుని గోదాముల వీధి ఆడవాళ్ళు నిలబడ్డారు. కొందరు పనిలోంచి అలాగే వచ్చినట్టున్నారు, చేతులింకా తడిగా ఉన్నాయి. చిన్న బడి విడిచే వేళ కాలేదు గనక కోడలు రాలేదు. కొడుకు తలుపు దగ్గర నిలబడ్డాడు.

అధ్యక్షురాలు ఒకప్పటి డాక్టరమ్మ. రోగి మొహం చూసినట్టే అందర్నీ చూస్తుంది, ఏం ఉందో చెప్పకుండా.

కుర్చీలాయన లేచాడు. “చిన్న బడి మూత తీర్మానం నేను వెనక్కి తీసుకుంటున్నాను.”

ఆడిటరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. “కోడలి ఉద్యోగం గుర్తొచ్చిందా?” అన్నాడు మెల్లగా, అందరికీ వినపడేటంత మెల్లగా.

ముందు వరసలు నవ్వాయి. డాక్టరమ్మ పెన్నుతో బల్ల మీద కొట్టింది.

“వెనక్కి తీసుకునే హక్కు ఆయనకుంది. ఎత్తుకునే హక్కు మీకూ ఉంది. ఎత్తుకుంటారా?”

“ఎత్తుకుంటున్నాను. ఇకనుంచి నాదే అనుకోండి,” అన్నాడు ఆడిటరు. “వాదన కూడా నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆయన క్రితం వారం చెప్పిందే చెప్తాను. ఇద్దరు టీచర్లు, రెండు గదులు, నలభై మంది. అదే ఖర్చుతో ఇక్కడ నాలుగొందల మందికి చదవడం వస్తుంది. అందులో ఏది తప్పు, పెద్దాయనా?”

“తప్పేం లేదు.”

“మరి?”

“నేనన్నది… అది ధర కాదు. మొదటి మాట.”

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. గోడ దగ్గర ఒకావిడకి అర్థమైనట్టుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మా కొట్లో అంతేనండి. ఎక్కువ అడుగుతాం, మీరు తగ్గిస్తారు, మధ్యలో కలుస్తాం. ఒక్క టీచరు కోసం అడిగాను నేను. మీరు కాదంటారనుకున్నాను. కనీసం ఒక్కరైనా.”

ఈసారి ముందు వరసలు కూడా నవ్వలేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “మీరు అన్నారు. మేం నమ్మాం. నమ్మడం మా పొరపాటా?”

“కాదండి.”

“అయితే నాదో ప్రశ్న. మూడో తరగతికల్లా చదవడం, తలుపులకి గడియలు, చెప్పుల్లేని పిల్లల్ని తరమకపోవడం. అవి కూడా మొదటి మాటలేనా? వాటిలో ఎంత తగ్గించుకోవాలి మేం?”

ఆ ప్రశ్న ఆయన ఎదురుచూసిన దిక్కు నుంచి రాలేదు. ఆడిటరు కొడితే కాచుకోవడానికి సిద్ధపడ్డాడు గానీ ఈవిడ ఇలా అడుగుతుందనుకోలేదు. ఇన్ని నెలలుగా కూడబెట్టిన నమ్మకం ఒక్కొక్క కాలే విరిగి కూలబడుతున్నట్టనిపించింది.

“తగ్గించక్కర్లేదు,” అన్నాడు. “ఒకటి చెప్తాను. ఇందులో బేరం లేదు. మా నాన్నకి జబ్బు చేసి చదువు మానేశానని అందరికీ చెప్పాను. అబద్ధం.”

తలుపు దగ్గర కొడుకు తాళాలు తిప్పడం ఆపేశాడు. అతనికీ తెలియదు.

“ఐదు దాకా ఆ చిన్న బడిలోనే చదివాను. చదివానంటే, వచ్చీరానట్టు. అక్కడ మా పంతులమ్మ వేలు పట్టుకుని ఒక్కో ముక్కా చదివించేది. ఆరులో పెద్ద బడికొచ్చాను. వెనక బెంచీ. పాఠం పరుగెత్తేది. నా పక్కవాడు పేజీ తిప్పితే నేనూ తిప్పేవాణ్ణి, అర్థమై కాదు. ఒకరోజు వెళ్ళలేదు. కుర్చీలకి రంగు వేసేచోట కూర్చుని చూస్తూ ఉండిపోయాను. రేపు అడుగుతారు, తంతారు అనుకున్నాను. మర్నాడూ వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు.”

ఎవరో మంచినీళ్ళ గ్లాసు జరిపారు. ఆయన తాగలేదు.

“ఎవరూ రాలేదండి. పేరు పిలిచి ఉంటారు, పలకకపోతే తరవాతి పేరు పిలిచి ఉంటారు. మా అమ్మ నేను బడికెళ్తున్నాననే అనుకుంది, చాలా రోజులు. నాకు కోపమేం లేదు. అంతమందిలో నేనొక్కణ్ణి లేకపోతే కనిపించదు. చిన్న బడిలో కనిపిస్తుంది. అక్కడ ఒక పిల్ల రాకపోతే బడి మొదలు కాకముందే ఎవరో ఒకరు గుమ్మంలో ఉంటారు.”

“ఎవరో ఒకరేంటి, టీచరమ్మే వస్తుంది!” అని గోడ దగ్గర నుంచి ఒక గొంతు లేచింది. “మా పిల్ల మంచం దిగనంటే మంచం దగ్గరికే వచ్చింది. చెప్పులు తొడిగింది.”

“మా వాణ్ణి ఎత్తుకుపోయింది,” అంది ఇంకొకావిడ. “వాడు కరిచాడు కూడా.”

ఈ నవ్వు వేరే రకంగా ఉంది. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

“వీళ్ళని రోడ్డు దాటించి పెద్ద బడిలో వేస్తే సగం మంది నాలాగే జారిపోతారు. జారిపోయినట్టు మీకు తెలియను కూడా తెలియదు. చదివించే టీచర్లు నాకొద్దు. ఆ బడి ఉంచండి. ఇదే నా ధర. ఇందులో మొదటిదీ చివరిదీ లేవు.”

కూర్చున్నాడు. సీటు సంగతి ఆలోచించలేదు, అదొక వింత.

ఆడిటరు చెడ్డవాడు కాదు. ఎదుటివాడి లెక్క మారితే తన లెక్క మళ్ళీ చూసుకునే మనిషి. కాసేపు నుదురు రుద్దుకున్నాడు.

“నేను ఒక దారి చెప్తాను,” అన్నాడు. “చిన్న బడిని ఇంకో ఏడాది కదిలించం. పిల్లలు తగ్గకపోతే ఆ పైన కూడా చూద్దాం. కానీ రెండు విషయాలు. ఒకటి, అదనపు టీచర్లు లేరు. రెండు, పెద్దాయన కోడలు ఆ బడిలో ఉండగా ఈ బోర్డు ఆ బడిని కాపాడితే, రేపు జనం ఏమంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆవిణ్ణి పెద్ద బడికి మార్చండి. చదివించడంలో గట్టి మనిషంటున్నారు, మనకీ పనికొస్తుంది. అక్కడికి ఇంకెవరినైనా పంపుదాం. ఆయన ఒప్పుకుంటే ఇప్పుడే నా చెయ్యి లేస్తుంది.”

కుర్చీలాయన బుర్ర అలవాటు కొద్దీ చకచకా కూడింది. చిన్న బడి ఉంటుంది. పెద్ద బడికి చదివించే టీచరు ఒకరు వస్తారు. మొట్టమొదట బల్ల గుద్దినప్పుడు మనసులో దాచుకున్న ధర సరిగ్గా ఇదే! వీసమెత్తు తేడా లేదు. పైగా కోడలి కోసం చేశాడన్న మాట కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

కళ్ళ ముందుకు వచ్చిన బేరం మళ్ళీ చేజారుతుందేమోనని భయం వేసింది.

“నాన్నా…” అంటున్నాడు కొడుకు తలుపు దగ్గర.

“ఒప్పుకుంటున్నాను,” అన్నాడు కుర్చీలాయన.

చేతులు లేచాయి. డాక్టరమ్మ లెక్కపెట్టింది. ఆమె చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది. అప్పుడు కూడా ఆయన మొహంలోకే చూస్తూ ఉంది, చెప్పాల్సిన జబ్బేదో ఇంకా మిగిలి ఉన్నట్టు.

ఆయన తిరిగి చూసేసరికి కొడుకు లేడు. బయట వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది.

* * *

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. గోదాముల వీధి ఆడవాళ్ళు దారి పొడుగునా ఆపి పలకరించారు. ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. అంతటి రాబడి ఏ అమ్మకంలోనూ చూడలేదనుకుంటూ ఆయన మెట్లెక్కాడు.

ముందు గదిలో ముగ్గురూ ఉన్నారు. కొడుకు మెట్లకేసి చూడలేదు. భార్య కుట్టుపని ఒళ్ళో పెట్టుకుంది గానీ సూదికి దారం లేదు. కోడలు నేల మీద కూర్చుని, గుడ్డసంచి బోర్లించి, అట్టముక్కల్ని ఒక్కొక్కటీ పేరుస్తోంది.

“బడి ఉంటుందమ్మా,” అన్నాడాయన.

“విన్నాను.”

“ఏడాది. ఆ పైన…”

“మీ అబ్బాయి అంతా చెప్పాడు. మీ చిన్నప్పటి సంగతి కూడా.” ఆమె తలెత్తింది. కళ్ళలో కోపం లేదు. అది చూసి ఆయన ధైర్యం తెచ్చుకున్నాడు. “అది నలుగురిలో చెప్పడం చిన్న విషయం కాదు మామయ్యా. అది మీది. మీది మీరు ఇచ్చారు. నేనైతే చెప్పగలిగేదాన్ని కాదేమో.”

“ఏదో, చెప్పాలనిపించింది.”

“మరి నేను ఎవరిదాన్ని?”

భార్య సూది పక్కన పెట్టేసింది.

“నిన్ను తీసెయ్యలేదమ్మా. మార్చారు. జీతం తగ్గదు. పెద్ద బడిలో…”

“పొద్దున నేను అడిగింది ఒక్కటే. నన్ను ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళమన్నాను.”

“వాళ్ళే ఎత్తారు. నేను ఎత్తలేదు.”

“ఒప్పుకుంది ఎవరు?”

ఆయన కొడుకు వైపు చూశాడు. కొడుకు ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. “నేను పిలిచాను నాన్నా. ఫోను చేసి తనని ఒక్క మాట అడుగుదాం అనబోయాను. మీకు అంత తొందరేమొచ్చింది?”

“చేజారిపోతుందేమోనని,” అన్నాడు కుర్చీలాయన. అన్నాక, ఆ మాట తన చెవికే నచ్చలేదు.

కోడలు ఒక అట్టముక్క చేతిలోకి తీసుకుంది. అంచులు నలిగి, ఎవరో పిల్ల పళ్ళ గాట్లు పడి ఉన్నాయి. “పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి పిలిచేవాళ్ళుంటారు, అందుకే ఆ బడి ఉండాలి అన్నారట మీరు. అంతమందీ చేతులెత్తారట.”

“అవును.”

“ఆ పిలిచే మనిషిని ఇచ్చేసి, బడిని ఉంచుకున్నారు.”

కుర్చీలాయన నోరు తెరిచాడు. కొత్త టీచరు వస్తుంది కదా అందామనుకున్నాడు. కొత్త టీచరు బడికి వస్తుంది. గుమ్మాలకి రావాలని ఎక్కడా లేదు. ఎవరూ ఆమెకి చెప్పరు. ఏ ఇంట్లో పిల్ల మంచం దిగదో, ఏ పిల్లవాడు కరుస్తాడో, ఏ తల్లి తెల్లారకముందే పనికి పోతుందో ఆమెకి తెలియదు. రాని పిల్ల పేరు పిలుస్తుంది, పలకకపోతే తరవాతి పేరు పిలుస్తుంది. పిల్లలు తగ్గుతారు. ఏడాది తిరిగేసరికి ఆడిటరు, చూశారా అంటాడు. అప్పుడు తన దగ్గర చెప్పడానికి ఇంకో కథ ఉండదు.

“నేను వెళ్తాను గుమ్మాలకి,” అన్నాడు.

“మీరెళ్తే పాత కుర్చీలు కొనడానికొచ్చారనుకుంటారు,” అంది భార్య. ఎగతాళిగా కాదు, జాలిగా.

కోడలు అట్టముక్కలన్నీ సంచిలో వేసుకుని లేచింది. “బదిలీకి నేను కూడా ఒప్పుకోవాలట కదా. డాక్టరమ్మ ఇందాక ఫోను చేసింది.”

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. “ఏమంది?”

“నా నోటి నుంచి వినేదాకా కాగితం మీద తను సంతకం పెట్టనంది. ఒప్పుకుంటే ఏడాది. ఒప్పుకోకపోతే ఆడిటరుగారి చెయ్యి దిగిపోతుంది, ఆ వెంట మిగతావీ.”

“నువ్వేమన్నావు?”

“ఆలోచించుకోవాలన్నాను. మనింట్లో ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి కదా.”

ఆమె గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు. దగ్గరికి లాగింది, అంతే.

కుర్చీలాయన అక్కడే నేల మీద కూర్చుని ఆ రోజు లెక్క చూసుకున్నాడు. వచ్చినవి: బడికి ఒక ఏడాది, పెద్ద బడికి ఒక టీచరు, గోదాముల వీధిలో కాస్త మంచిపేరు, చిన్నప్పటి నుంచి మోస్తున్న అబద్ధం బరువు దిగడం. పోయినవి: ఓట్లు తెచ్చిన కథ, అదనపు టీచర్లు, బహుశా సీటు. తీసివేసి చూస్తే లాభంలోనే ఉన్నాడు. కాకపోతే వచ్చినవాటిలో అసలైన మొదటి రెండూ ఇంకా చేతికి రాలేదు. అవి రెండూ ఆ ఓరగా ఉన్న తలుపు అవతల ఉన్నాయి.

“అత్తయ్యా,” అని లోపలి నుంచి కోడలి గొంతు వినిపించింది. “రేపు పొద్దున నన్ను కాస్త ముందే లేపండి.”

ఏ బడికి వెళ్ళడానికో ఆమె చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.